పగటిపూట చూడాల్సిన దీపాలు

లాస్ ఏంజెలెస్‌లో విల్షైర్ బులవార్డ్ మీద, కౌంటీ ఆర్ట్ మ్యూజియం ముందు, 202 పాత వీధి దీపస్తంభాలు బారులు తీరి నిలబడి ఉంటాయి. శిల్పి క్రిస్ బర్డెన్ 2008లో వాటిని అలా నిలబెట్టాడు. పేరు 'అర్బన్ లైట్'. ఆ ఊరు వెళ్లినవాళ్లు సముద్రం, హాలీవుడ్ కొండ మీది అక్షరాలు చూశాక మూడోదిగా ఇక్కడికే వస్తారు. కొడుకునో కూతుర్నో చూడటానికి అమెరికా వెళ్లిన మన పెద్దవాళ్లను కూడా పిల్లలు ఓ సాయంత్రం ఇక్కడికి తీసుకొచ్చి, స్తంభాల మధ్య నిలబెట్టి ఫొటో తీస్తారు. ఫొటో బాగా వస్తుంది. రాకపోవడమే కష్టం. నాలుగు వైపుల నుంచీ పాలరంగు వెలుతురు పడుతుంది కదా, ముఖం మీద నీడన్నదే ఉండదు.

నేను చెప్పేది మాత్రం, ముందు పగలు వెళ్లండి. మధ్యాహ్నం ఎండ వాలుగా పడే వేళ అయితే మరీ మంచిది. రాత్రి ఆ వెలుగు స్తంభాలను మింగేస్తుంది. గోళాలే కనిపిస్తాయి, వాటిని మోస్తున్న ఇనుము చీకట్లోకి జారుకుంటుంది. పనితనం అంతా ఉన్నది ఆ ఇనుములో.

ఒక స్తంభం దగ్గర కూర్చుని మొదలు నుంచి పైకి చూడండి. అడుగున వెడల్పాటి పీఠం. దాని చుట్టూ పైకి లేచి అంచు దగ్గర వెనక్కి మళ్లిన ఆకులు. ఆకుల మీద ఈనెలు కూడా విడివిడిగా లెక్కపెట్టొచ్చు. పీఠంలో ఓ పక్క చిన్న తలుపు, వైర్లు సరిచూడటానికి చెయ్యి పట్టేంత. ఆ తలుపు కూడా ఆకుల అల్లికలో కలిసిపోయి ఉంటుంది. మీద ఒక కట్టు, కట్టు మీద నిలువు గాడులు పడిన కాండం. కాండం పైకి పోయేకొద్దీ కొంచెంగా సన్నబడుతుంది. చివర మళ్లీ ఆకులు, రేకులు, వాటి మీద గాజు గోళం. కొన్నిటికి రెండు చేతులు, రెండు గోళాలు. ఇవన్నీ 1920, 30 దశకాల నాటివి. ఎక్కువ భాగం దక్షిణ కాలిఫోర్నియా వీధుల్లో వెలిగినవే. కొన్ని ఒరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్ నుంచి వచ్చాయి. ఏ ఊరి మునిసిపాలిటీ ఆ ఊరికి తగ్గ నమూనా పురమాయించుకునేది. అందుకే ఈ గుంపులో పదిహేను పైచిలుకు రకాలున్నాయి. ఎత్తు ఇరవై అడుగుల నుంచి ముప్ఫై దాకా.

పోత ఇనుము పని తెలిసినవాళ్లు ఆ ఆకులను వేరే కన్నుతో చూస్తారు. కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోస్తారు. ఆ అచ్చు తయారు కావాలంటే ముందు కొయ్యతో నమూనా చెక్కాలి. దాన్ని పెట్టెలో పెట్టి చుట్టూ ఇసుక దట్టించి, నమూనాను పైకి తీసేయాలి. కిటుకంతా తీయడంలోనే ఉంది. లోపలికి ఒంపు తిరిగిన ఆకు ఇసుకలో చిక్కుకుంటుంది, లాగితే అచ్చు గట్టు విరిగిపడుతుంది. అందుకని నమూనాలో ప్రతి నిలువు తలానికీ కంటికి ఆననంత వాలు పెడతారు. ఆకు ఒంపు ఎంతదాకా పోవచ్చో, ఎక్కడ ఆగిపోయినా చూసేవాడికి పూర్తి ఒంపులాగే అనిపిస్తుందో చెక్కేవాడికి తెలిసి ఉండాలి. మరీ లోతైన ఒంపు కావాలంటే ఆ భాగాన్ని విడి ముక్కగా చేసి, ముందు నమూనాను తీసి తర్వాత ఆ ముక్కను పక్కకు జరిపి తీసుకోవాలి. ఇంకో చిక్కుంది. ఇనుము చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, అడుగుకు సుమారు ఎనిమిదో వంతు అంగుళం. కాబట్టి నమూనా చెక్కేవాళ్ల దగ్గర వేరే కొలబద్దలుండేవి. వాటి మీద అడుగు అన్నది మామూలు అడుగు కంటే ఆ మేరకు పెద్దది. అబద్ధపు కొలతతో చెక్కితేనే నిజమైన కొలత వస్తుందన్నమాట.

నిలువు గాడులు అందం కోసమే అనుకుంటాం. వాటికి పని కూడా ఉంది. నునుపైన గొట్టం మీద పోతలో పడిన చిన్న సొట్ట, గరుకు, రెండు సగాలు కలిసిన గీత ఇట్టే బయటపడతాయి. గాడుల నీడల్లో అవన్నీ సర్దుకుంటాయి. ముక్కలుగా పోసినవాటిని ఒకదాని మీద ఒకటి నిలబెట్టినప్పుడు అతుకులు కట్టు కింద దాక్కుంటాయి. అలంకారం అనిపించిన ప్రతిచోటా ఒక లోపాన్ని కప్పే ఉపాయం ఉంది. ఈ స్తంభాల్లో అన్నిటికంటే ఆడంబరమైనది 'బ్రాడ్‌వే రోజ్'. లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున బ్రాడ్‌వే వీధికి చేసిన నమూనా అది, పేరుకు తగ్గట్టు గులాబీల అలంకరణతో. సినిమా థియేటర్లు కిక్కిరిసిన వీధికి దీపం పెట్టేటప్పుడు దానికీ కొంత నాటకం ఉండాలనుకున్నారు కాబోలు.

బర్డెన్ ఏ స్తంభాన్నీ పోత పోయలేదు. ఒక్క ఆకూ చెక్కలేదు. మరి ఆయన చేసిందేమిటి?

ఏరాడు, కడిగాడు, ఒకే రంగు వేశాడు, దగ్గరగా నిలబెట్టాడు. చెప్పడానికి నాలుగు ముక్కలే గానీ ఆ నాలుగింటికీ ఏడేళ్లు పైనే పట్టింది. 2000 డిసెంబరులో పాసడెనాలో రోజ్ బౌల్ స్టేడియం దగ్గర జరిగే పాత సామాన్ల సంతలో ఆయన మొదటి దీపాలు కొన్నాడు. అప్పటికి శిల్పం ఆలోచన ఏదీ లేదు, ముచ్చటపడి కొన్నాడంతే. ఒకసారి కొనడం మొదలుపెట్టాక ఆ లోకం తలుపులు తెరుచుకున్నాయి. పాత వీధి దీపాలు కూడబెట్టేవాళ్లు ఆ దేశంలో ఉన్నారు. విడి పీఠాలు, విరిగిన చేతులు, పైభాగం లేని కాండాలు దాచుకున్నవాళ్లు. వాళ్ల దగ్గర కొనుక్కుంటూ తోపాంగా కాన్యన్ కొండల్లో ఉన్న తన స్టూడియోకు చేర్చాడు. 2006లో వాటిలో జంట గోళాల దీపాలు పద్నాలుగింటిని లండన్‌లోని సౌత్ లండన్ గ్యాలరీలో పెట్టాడు. అదొక రకంగా సాధకం. అసలు కచేరీ తర్వాత జరిగింది.

సంతలో దొరికిన స్తంభం మీద పొరలు పొరలుగా రంగులుంటాయి. ప్రతి కొన్నేళ్లకూ మునిసిపాలిటీ వాళ్లు వచ్చి పాతదాని మీదే కొత్తది పూసి పోతారు. అలా పూసీ పూసీ ఆకుల ఈనెలు పూడిపోతాయి, రేకుల అంచులు మొద్దుబారతాయి. బర్డెన్ ఆ పొరలన్నీ ఇసుక జల్లు కొట్టించి ఊడగొట్టించాడు. ఇసుక అచ్చులోంచి పుట్టిన ఇనుము మళ్లీ ఇసుకతోనే తేటపడింది. ఆ జల్లు జోరు ఎక్కువైతే అలంకారం అరిగిపోతుంది, తక్కువైతే మూలల్లో రంగు మిగిలిపోతుంది. ఒట్టి పోత ఇనుము గాలి తగిలితే చాలు తుప్పు పట్టడం మొదలెడుతుంది కాబట్టి వెంటనే మీద పూత పడాలి. పోయిన భాగాలను కొత్తగా పోత పోయించాడు. ఇందులోనూ పైన చెప్పిన చిక్కే ఎదురవుతుంది. పాత ముక్కనే నమూనాగా పెట్టి పోస్తే కొత్త ముక్క కుంచించుకుపోయి పాతదానికంటే కొంచెం చిన్నదిగా వస్తుంది. పక్కపక్కన పెడితే అతకదు. దాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. తర్వాత ఈనాటి నిబంధనల ప్రకారం కొత్త వైరింగు వేయించాడు.

ఇక రంగు. నా దృష్టిలో ఈ శిల్పంలో అన్నిటికంటే తెలివైన నిర్ణయం ఇదే. అన్నిటికీ ఒకే బూడిద రంగు. ఇంతకుముందు ఏది ఆకుపచ్చగా ఉండేదో, ఏది నల్లగా ఉండేదో, ఏ ఊరి దర్జా ఏమిటో అన్నీ పోయాయి. ఊరి గుర్తును చెరిపేశాడని నొచ్చుకునేవాళ్లు ఉండొచ్చు, అందులో న్యాయం లేకపోలేదు. కానీ రంగు వేరైతే కన్ను రంగునే చూస్తుంది. రంగు ఒకటే అయ్యేసరికి ఆకారాల్లో తేడా పైకొచ్చింది. ఈ స్తంభం గాడులు లోతు, ఆ స్తంభం గాడులు పైపైన. ఇక్కడ ఆకు కొన వాడిగా ఉంది, అక్కడ గుండ్రంగా ఉంది. పైగా నలుపు వేసి ఉంటే నీడలు కనిపించవు, తెలుపు వేసి ఉంటే ఎండకు కళ్లు చెదురుతాయి. బూడిద రంగు మీద ఎండా నీడా రెండూ నిలుస్తాయి. పగలు వెళ్లమన్నది ఇందుకే.

బర్డెన్ ఈ పనికి ఎలా వచ్చాడన్నది ఒక వింత కథ. ఆయన్ను చాలాకాలం లోకం గుర్తుపెట్టుకున్నది దీపాల మనిషిగా కాదు, తుపాకీ దెబ్బ తిన్న మనిషిగా. 1971లో కాలిఫోర్నియాలోని సాంటా ఆనాలో, ఒక చిన్న గ్యాలరీలో, స్నేహితుడి చేత తన ఎడమ చేతి మీద కాల్పించుకున్నాడు. అదే ఆ ప్రదర్శన. 1974లో ఫోక్స్‌వ్యాగన్ కారు మీద వెల్లకిలా పడుకుని అరచేతుల్లో మేకులు కొట్టించుకున్నాడు. ఇలాంటివి నాకు రుచించవు, దాచుకోవడం ఎందుకు. తర్వాత ఆయన తన శరీరాన్ని వదిలి ఇనుము మీదికి మళ్లాడు. 1979 నాటి 'బిగ్ వీల్'లో మూడు టన్నుల పోత ఇనుప చక్రాన్ని మోటారు సైకిలు వెనక చక్రంతో ఒరిపించి తిప్పాడు. మోటారు సైకిలు ఆపేశాక కూడా ఆ చక్రం చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. బరువు, వేగం, ప్రమాదం ఆయనకు ఇష్టమైన సరుకులు. ఇదే మ్యూజియంలో ఉన్న 'మెట్రోపొలిస్ టూ'లో పదకొండు వందల బొమ్మ కార్లు బుల్లి నగరం చుట్టూ పరుగులు తీస్తాయి. వీటన్నిటి పక్కన పెడితే 'అర్బన్ లైట్' బుద్ధిమంతుడైన తమ్ముడిలా ఉంటుంది. అయినా పోలిక దాగదు. ఒకే వస్తువును లెక్కకు మించి కూడబెట్టి, ఆ లెక్క వల్లే చూసేవాడిని నిలబెట్టేయడం అన్నిట్లోనూ ఉంది.

2006లో మ్యూజియం డైరెక్టరుగా వచ్చిన మైకెల్ గోవన్ తోపాంగా వెళ్లి ఆ దీపాలను చూశాడు. గోర్డన్ కుటుంబ ఫౌండేషన్ డబ్బు సమకూర్చింది. అక్కడి నుంచి అసలు ప్రశ్న, ఎలా నిలబెట్టాలి?

ఈ మ్యూజియం విల్షైర్ మీదికి 1965లో వచ్చింది. మొదట్లో విలియం పెరేరా కట్టిన భవనాలు గట్టు మీద కూర్చునేవి. 1980ల్లో వాటి ముందు మరో భవనం లేచి రోడ్డుకు గోడలా అడ్డం నిలిచింది. నలభై ఏళ్లుగా ఆ దారిన కారులో పోతూ, ఈ సంస్థ ఊరికి వీపు పెట్టి కూర్చుందేమిటా అని తాను చికాకు పడేవాడినని బర్డెన్ చెప్పుకున్నాడు. అందుకే దీపాలను లోపలి ఆవరణలో దాచకుండా, రోడ్డు పక్కన, నడిచిపోయేవాడికి చెయ్యి తగిలేంత దూరంలో పెట్టాడు. గేటు లేదు, టికెట్టు లేదు. ఆ పాత భవనాలు 2020లో నేలమట్టమయ్యాయి. వాటి చోట పీటర్ జుమ్‌థోర్ గీసిన కొత్త భవనం విల్షైర్‌ను దాటుకుంటూ అవతలి గట్టుకు పోయింది. ఇన్ని మార్పుల్లోనూ జనం మ్యూజియానికి ముఖద్వారంగా గుర్తుపట్టేది మాత్రం ఈ దీపాలనే.

వీధిలో దీపానికీ దీపానికీ మధ్య కొన్ని గజాల ఎడం ఉంటుంది. ఇక్కడ ఆ ఎడాన్ని నాలుగడుగుల్లోకి కుదించాడు. ఒకే రకానివి ఒకే వరుసలో, కుడి ఎడమలు ఒకదానికొకటి జవాబు చెప్పుకునేలా. బయట నుంచి చూస్తే గుంపు. లోపలికి అడుగుపెడితే సందులు తెరుచుకుంటాయి, మూలగా చూస్తే కొత్త దారులు పుడతాయి, ఒక అడుగు పక్కకు వేస్తే అవి మూసుకుపోతాయి. హనుమకొండ వేయిస్తంభాల గుడి మండపంలో నడిచినవాళ్లకు ఈ అనుభవం కొత్తేమీ కాదు. ఒక తేడా, ఇక్కడ స్తంభాలు కప్పును మోయవు. ఆకాశం నేరుగా కనిపిస్తుంది. మరి గుడిలాంటి భావన ఎక్కడి నుంచి వస్తుంది? ఎత్తు నుంచి, వరుస నుంచి, మనిషి భుజాలకు దగ్గరగా ఉన్న ఇనుము నుంచి. కప్పు పనిని రాత్రిపూట వెలుతురు చేస్తుంది.

ఈ పేటలోనే ఇది నిలవడం గురించి కొంచెం చెప్పాలి. 'మిరకిల్ మైల్' అని పిలిచే ఈ విల్షైర్ భాగాన్ని 1920ల్లో ఎ. డబ్ల్యు. రాస్ అనే వ్యాపారి కారున్నవాళ్ల కోసం తీర్చాడు. దుకాణాల బోర్డులు కారులోంచి కనిపించేంత పెద్దవి, పార్కింగు వెనక వైపు. నడిచేవాడి ఊసే లేని అంగడి వీధి. సరిగ్గా అలాంటి చోట, అదే కాలపు దీపాలతో, కారు దిగితే తప్ప చూడలేని శిల్పం నిలిచింది.

అసలు వీధి దీపానికి ఇంత అలంకారం ఎందుకు పెట్టారు? లాస్ ఏంజెలెస్‌కు మొదట వచ్చిన విద్యుద్దీపాలకు ఏ అలంకారమూ లేదు. 1882 డిసెంబరు 31న వెలిగిన ఆ దీపాలు నూట యాభై అడుగుల కొయ్యల మీద ఉండేవి. పేటకంతటికీ ఒక కృత్రిమ చంద్రుణ్ణి వేలాడదీద్దామన్న ఆలోచన. ఆర్క్ దీపాల తీక్షణమైన వెలుగు పైనుంచి పడితే ఓ పక్క కళ్లు మిరుమిట్లు, ఇంకో పక్క చిక్కని నీడలు. తర్వాత దీపాలు కిందికి దిగాయి, వీధి అంచుకు వచ్చాయి. కంటికి దగ్గరగా వచ్చాయి కనుక అందంగా ఉండాల్సి వచ్చింది. ప్లాట్లు అమ్ముకునేవాళ్లకు అవి ప్రకటన బోర్డుల కింద కూడా పనికొచ్చాయి. ఇళ్లు లేవక ముందే దీపస్తంభాలు లేచేవి, కొనేవాడికి ధైర్యం చెప్పడానికి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కార్లు పెరిగి, రోడ్లు వెడల్పై, వంగిన మెడతో పొడవాటి మామూలు స్తంభాలు వచ్చాయి. పాతవి చాలాచోట్ల పాత ఇనుము కొట్టుకు చేరాయి. వీధి చీకటిపడ్డాక భద్రంగానూ, చూడటానికి ముచ్చటగానూ ఉండటమే నాగరిక సమాజానికి కొలత అని బర్డెన్ అభిప్రాయం. దీపాల వంకతో ఆయన మెచ్చుకున్నది అలా అనుకున్న ఒక తరాన్ని.

వెలుతురు దగ్గరికి వద్దాం. ఈ గోళాలు పాలరంగు గాజువి. లోపలి బల్బు కంటికి గుచ్చుకోదు, గోళం మొత్తం ఒకేలా వెలుగుతుంది. ఈనాటి లెక్కన ఇది దుబారా, సగం వెలుగు ఆకాశానికి పోతుంది. 2018లో లియొనార్డో డికాప్రియో ఫౌండేషన్ సాయంతో ఇందులోని 309 బల్బులనూ తీసి ఎల్ఈడీలు పెట్టారు. పాత ఫిలమెంటు బల్బు వెలుగు పసుపు వైపు మొగ్గుతుంది, చవకరకం ఎల్ఈడీ నీలం వైపు. నీలం పడితే ఆ బూడిద ఇనుము ఆస్పత్రి వరండాలా తయారయ్యేది. వెచ్చని రంగును ఎంచుకోవడం వల్ల మారిన సంగతి చెబితే తప్ప తెలియదు. బాగుచేసిన పని కంటికి కనపడకపోవడం కంటే మెప్పు ఏముంటుంది? బర్డెన్ ఆ మార్పు చూడలేదు, 2015 మేలో పోయాడు.

పాత దీపాలను కూర్చి శిల్పం చేయడంలో బర్డెన్ మొదటివాడు కాదు. ఈ మాట 'అర్బన్ లైట్' అభిమానులు తరచుగా మరిచిపోతారు. 1993లోనే, ముందటేడు లాస్ ఏంజెలెస్‌లో జరిగిన అల్లర్ల గాయం ఇంకా మానకముందే, షీలా క్లైన్ అనే కళాకారిణి అదే నగరంలో వెర్మాంట్, శాంటా మోనికా వీధులు కలిసేచోట, చిన్న దుకాణాల సముదాయం పార్కింగు స్థలంలో 25 పాత వీధి దీపాలు నిలబెట్టింది. పేరు 'వెర్మోనికా'. ఒక్కో దీపం ఒక్కో రకం. ఏడాదికని పెట్టినవి ఇరవై నాలుగేళ్లు ఉన్నాయి. 2017లో నగర దీపాల శాఖ వాటిని ఊడబీకి, ఆమెకు చెప్పకుండా, కొంచెం దూరంలో తన కార్యాలయం ముందు పాతింది. దీపాలన్నీ ఉన్నాయి, వెలుగుతున్నాయి కూడా. కానీ ఇది నా శిల్పం కాదు అంది క్లైన్. ఆమె పక్షమే సరైనదని నా ఉద్దేశం. ఏ దీపం పక్కన ఏ దీపం, ఎంత ఎడంలో, ఏ ఎత్తు నుంచి ఏ ఎత్తుకు చూపు దిగాలి అన్నదే ఆమె చేసిన పని. దాన్ని తీసేస్తే మిగిలేది గోదాములో సరుకు. చివరికి ఆమె పర్యవేక్షణలోనే వాటిని మరోచోట మళ్లీ నిలబెట్టాల్సి వచ్చింది.

రెండింటినీ ఒకే రోజు చూడొచ్చు, మధ్య దూరం కొన్ని మైళ్లే. క్లైన్ దీపాలు తమ తమ రంగు రూపాలతో, ఒకదానితో ఒకటి పోట్లాడుకునే చుట్టాల్లా ఉంటాయి. ఒక్కో నమూనా వేరని చూపించడం ఆమె పట్టు. బర్డెన్ ఒకే రంగులో, ఒకే లయలో కట్టేసి, పదే పదే చూపించి, ఆ పునరావృత్తిలోనే తేడా కనిపెట్టమంటాడు. వెర్మోనికా ముందు జనం తక్కువ, కనుక నిలబడి చూడటం సులువు. అర్బన్ లైట్ దగ్గర పెళ్లి ఫొటోల జంటలు, స్తంభాలెక్కే పిల్లలు, కెమెరాలకు అడ్డం రాకుండా తప్పుకుంటూ తిరగాలి. ఎవరైనా పక్కకు జరగమంటే జరగండి, జరిగి ఆ పక్క స్తంభం పీఠం చూడండి. ఆకు మడత కింద, గాడి అడుగున, ఇసుక జల్లు కొట్టాక తేలిన పోత గరుకు బూడిద పూత కింద నుంచి వేలికి తగులుతుంది.